అరవై రెండో అట్ట

మా ఫరీన్‌కు చెవుడని ఆ బడి వాళ్లు తేల్చేశారు. దసరా సెలవులయ్యాక తల్లిదండ్రుల మీటింగు పెట్టి, అంతమంది అమ్మానాన్నల ముందు తేల్చేశారు. అయిదో తరగతి లెక్కల మేడం నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"పేరు పిలిస్తే పలకదు. నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే కిటికీ వైపు చూస్తుంది. ఒకసారి చెవుల డాక్టరుకు చూపించండి," అంది.

"ఇంట్లో బాగానే వినపడతాది మేడం. పక్కింట్లో కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో కూడా చెప్తాది," అన్నాను.

వెనకున్నవాళ్లు నవ్వారు. మేడం నవ్వలేదు. ఫరీన్ నోటు పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. పేజీ నిండా లెక్కలు. ఒక్కో లెక్క కింద ఒక్క జవాబే ఉంది, దాని పక్కన ఎర్ర సిరాతో సున్నా ఉంది.

"జవాబులు తప్పా మేడం?"

"జవాబులు కరెక్టే. స్టెప్స్ ఏవీ? స్టెప్స్ లేకుండా జవాబు వచ్చిందంటే పక్క పిల్లను చూసి రాసినట్టే కదా."

"పక్కన ఎవరు కూర్చుంటారు?"

"చివరి బెంచీ. ఒక్కతే కూర్చుంటుంది," అంది.

ఒళ్లు మండిపోయింది. పక్కన మనిషే లేని బెంచీలో నా బిడ్డ ఎవరిని చూసి రాసిందని అడగాలనుకున్నాను. అడగలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, ఎర్ర సిరా చూస్తే ఇప్పటికీ నాకు నోరు పెగలదు. పుస్తకం మూసి ఇచ్చేసి, బిడ్డ చెయ్యి పట్టుకుని ధర్మవరం ఎండలో ఇంటికి నడిచాను. దారి పొడవునా తిట్టింది మాత్రం ఫరీన్‌నే.

మా ఇంట్లో పని అట్టల పని. పట్టుచీర మీద నెమలి ఊరికే రాదు. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ వేస్తారు. ఆ గళ్లు చూసి మా ఆయన షబ్బీర్ మిషను మీద అట్టలకు బెజ్జాలు కొడతాడు. ఒక్కో అట్టకు ఎడమ కొసన పెన్సిలుతో నంబరు రాస్తాడు. ఆ నంబర్ల వరస చూసి అట్టలన్నిటినీ దారంతో కుట్టి దండ చేయడం నా పని. ఆ దండను మగ్గం పైన ఎక్కిస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నేసేవాడు ఒక్కో వరస నేసేకొద్దీ ఒక్కో అట్ట తిరుగుతూ బొమ్మ వస్తుంది.

ఫరీన్ ఆ అట్టల మధ్యే పాకింది, ఆ అట్టల మధ్యే నడిచింది. ఆరేళ్లప్పుడు ఒక అట్ట మీద వేళ్లు పోనిచ్చి, "ఇది నెమలి కాలు," అంది. గళ్ల కాగితం తీసి చూస్తే నిజంగానే కాలు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఒక అట్ట తీసి ఇచ్చి, "ఏం బొమ్మో చెప్పు," అని ఆడించేవాళ్లం. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం. దాన్ని మేము తెలివి అనుకోలేదు. ముద్దు అనుకున్నాం, అంతే. బడి వాళ్లను తిట్టేముందు ఇది కూడా చెప్పుకోవాలి.

మరుసటి వారం ప్యాసింజరు రైలెక్కి హిందూపురం పోయాం, చెవుల డాక్టరు దగ్గరికి. ఆయన ఫరీన్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. కాసేపు ఎత్తింది. తర్వాత హెడ్‌ఫోన్లు కొంచెం పక్కకు జరిపి, "సార్, మీరు రెండు సార్లు కుడి చెవికి, ఒకసారి ఎడమకు ఇస్తాండారు. ఇప్పుడు ఎడమకు రావల్ల," అంది.

డాక్టరు మిషను ఆపేసి దాని వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చెవులకు ఏమీ లేదమ్మా. బడిలో చెప్పేది ఈ పాపకు ముందే తెలిసిపోతాండాది. ఇట్లాంటి పిల్లలకు ఇంకా పెద్ద పని ఇయ్యల్ల. ఇయ్యకపోతే కిటికీ చూడక ఏం చేస్తారు?"

వినికిడి సరిగ్గా ఉందని కాగితం రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. నాకు ఆ కాగితమే కావాలి. చెవులు బాగున్నాయన్న సంతోషంలో ఆయన చెప్పిన రెండో మాట నా బుర్రకెక్కలేదు. తిరుగు రైలులో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నేను చెప్పిన బుద్ధులు ఏమిటంటే, రేపటినుంచి కిటికీ చూడొద్దు, మేడం రాయమన్నన్ని స్టెప్సు రాయి, ఎదురు మాట్లాడొద్దు, గమ్మునుండు. తలాడించింది. పెనుకొండ దాటేదాకా కిటికీ వైపు తిరగలేదు.

కార్తీకంలో బాలప్ప ఇంట్లో కొత్త డిజైను ఎక్కించారు. మాఘమాసం పెళ్లి చీర. నాలుగు వందల ఎనభై అట్టలు, పది రోజులు కూర్చుని కుట్టాను. బాలప్ప ముప్పై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి. మా ఆయన అట్టలంటే ఆయనకు గురి.

అట్టలు ఎక్కించే రోజుకు ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. దండ పైకి పోయి, మొదటి బొమ్మ నిండుగా నేసేదాకా ఎవరూ అడ్డమాట అనకూడదు. 'లేదు' అనకూడదు, 'కాదు' అనకూడదు. 'తప్పు' అనే మాట అసలే రాకూడదు. బాలప్ప తల్లి కుళ్ళాయమ్మవ్వ దగ్గర ఆ రోజు కాఫీలో చక్కెర లేదని చెప్పిన మనిషి కూడా లేడు. అందరం చప్పటి కాఫీ తాగి బాగుందనే అన్నాం.

మగ్గానికి పసుపు కుంకుమ పెట్టారు. కుళ్ళాయమ్మవ్వ టెంకాయ పట్టుకుని నిలబడింది. బాలప్ప కింద నుంచి దండను అందిస్తుంటే, ఆయన కొడుకు జగదీష్ పైనుంచి లాగుతున్నాడు. ఫరీన్ నా పక్కన నిలబడి పైకి పోతున్న అట్టలను చూస్తోంది. చూస్తూ చూస్తూ గట్టిగానే అనేసింది.

"అమ్మా, అరవై రెండో అట్ట తప్పు."

అందరి చేతులూ ఆగిపోయాయి. కుళ్ళాయమ్మవ్వ నా మొహం చూసింది. కుట్టినదాన్ని నేను. తప్పంటే అది నా చేతి పని. ఆ సంగతి ఒకటి, పట్టింపు ఒకటి, బడిలో నిలబడి మాటపడిన సంగతి ఒకటి, అన్నీ కలిసి నా చేతిలోకి వచ్చాయి. నలుగురి ముందు బిడ్డ చెంప మీద కొట్టాను.

"గమ్మునుండు."

ఫరీన్ ఏడవలేదు. నన్ను చూడలేదు. నా కుడిచెయ్యి వైపు చూసింది.

"చిన్నబిడ్డ, పోనీలేమ్మా," అన్నాడు బాలప్ప. కుళ్ళాయమ్మవ్వ పసుపునీళ్లు చిలకరించి టెంకాయ కొట్టింది. దండ పైకి పోయింది. అరవై రెండో అట్టను ఎవరూ చూడలేదు. చూస్తే ఏం పోయేదని ఇప్పుడు అడుగుతాను. అప్పుడు నేనే అందరికంటే ముందు తల తిప్పుకున్నాను.

నాలుగో రోజు బాలప్ప మా ఇంటికొచ్చాడు. చంకలో ఒక్క అట్ట. దాన్ని తెచ్చి చాప మీద పెట్టాడు.

"ఏమప్పా షబ్బీర్, నెమలి మెడ మీద అడ్డంగా గీత పడింది. మొదట పోగు తెగిందనుకుంటి. విప్పి మళ్లా నేసినా. మళ్లా అదే గీత. అప్పుడు పాప మాట గుర్తొచ్చి ఈ అట్ట ఊడదీసినా."

మా ఆయన అట్టను గళ్ల కాగితం మీద పెట్టి చూశాడు. ఆయన మొహం మాడిపోయింది. నంబరు ఎడమ కొసకు రాయాల్సింది, ఆ ఒక్కదానికి కుడి కొసకు రాసేశాడు. నంబరు ఎడమకు వచ్చేట్టు నేను తిప్పి కుట్టాను. మేమిద్దరం నంబరే చూశాం. బిడ్డ బెజ్జాలు చూసింది.

"మళ్లా కుట్టించుకుంటాలే, దాంది కాదు మాట," అన్నాడు బాలప్ప. "దండ పైకి జరిగిపోతా ఉంటే, ఆ గడబిడలో, నిలబడి కనుక్కునిందప్పా. నాకు నేసినంక గానీ తెలీలే. యాడ పాప?"

ఫరీన్ వంటింటి గడప దగ్గరే ఉంది.

"ఎట్ల తెలిసెమ్మా నీకు?"

"తెలీదు," అంది ఫరీన్. లోపలికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులుగా అదే మాట. అట్ట ఇచ్చి ఏం బొమ్మ అని వాళ్ల నాయన అడిగినా తెలీదు. లెక్క అడిగినా తెలీదు. అలిగిందనుకున్నాను. అలక కాదది. కనపడిన దాన్ని బయటికి చెప్పకూడదని నేర్చుకుంది, నేర్పింది నేను.

బాలప్ప గొంతు తగ్గించాడు. "ఈ బిడ్డను ఊరికే వదలొద్దండి. మా స్వప్న చదివిన రెసిడెన్షియల్ స్కూలు ఉండాదే, ఆరో తరగతికి పరీక్ష పెడతారు. జనవరిలో, పెనుకొండలో. స్వప్న ఇప్పుడు ఇంజనీరింగు చదువుతాందంటే ఆ బడి చలవే. నేను ఫారం తెచ్చిస్తా. బడి వాళ్ల సంతకం ఒకటి కావల్ల."

నేత చెడిన మనిషి తిట్టిపోవాల్సింది పోయి ఫారం తెస్తానంటున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ పూట ఫరీన్‌కు నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. గుడ్డు వేయించి పెట్టాను. తినింది. తప్పు నాది అని చెప్పడానికి గుడ్డు చాలదని తెలిసీ, నోరు రాలేదు.

ఫారం తీసుకుని బడికి పోయాను, ఫరీన్‌ను వెంటబెట్టుకుని. ఆఖరు తేదీకి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ బడి యజమానిని అందరూ డైరెక్టరు సార్ అంటారు. ఫారం చూసి పక్కన పెట్టేశాడు.

"ఆ పరీక్షకు మేము ఎనిమిది మందిని ఎంపిక చేశామమ్మా. కోచింగ్ కూడా ఇస్తున్నాం. ఈ పాప పేరు లిస్టులో లేదు. పంపితే మా స్కూలు రిజల్టు దెబ్బతింటుంది."

"రాసేది మా పాప కదా సార్. మీ రిజల్టుకేమి?"

"ఏం పాపా, పదిహేడు పన్నెండ్లు ఎంత?" అని ఫరీన్‌ను అడిగాడు.

రెండు వందల నాలుగు. ఆ లెక్క దానికి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. నాకు తెలుసు. ఫరీన్ నేల చూస్తూ నిలబడింది.

"చూశారా?" అన్నాడు, ఏదో గెలిచినట్టు.

అప్పుడు నాకు వచ్చినంత కోపం నా జన్మలో రాలేదు. సున్నాలు వేసిన మేడం మీద, లిస్టు చూపించే ఈ మనిషి మీద, పలకని పిల్లను చూసి సంబరపడే ఈ ఆఫీసు గది మీద. అందరికంటే ఎక్కువ నా మీద. ఈ బిడ్డ నోరు మూయించడానికి వాళ్లకు అయిదేళ్లు పట్టింది. నాకు ఒక్క దెబ్బ చాలింది.

సంచిలోంచి హిందూపురం డాక్టరు కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"చెవుడని మీ మేడం చెప్పింది. లేదని డాక్టరు ముద్రేసి ఇచ్చినాడు. చూసి రాస్తాదని చెప్పింది. పక్కన మనిషే లేదు. ఇప్పుడు ఈ పాపకు లెక్కలు రావని మీరంటాండారు. సరే సార్. ఇదంతా మీ బడి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్రేసి ఇయ్యండి. పరీక్ష వాళ్లకు ఫారంతో పాటు అది కూడా పంపిస్తా."

"అట్లాంటివి రాసి ఇవ్వరమ్మా."

"నోటితో అయితే అంతమంది ముందర చెప్తారు, కాగితం మీద రాయమంటే రాయరా? రాసేదాకా ఈడనే కూర్చుంటా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ బడిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఇంటర్‌వెల్ బెల్లు అయింది. అన్నం బెల్లు అయింది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి, నన్ను చూసి, ఏమైందని అడగసాగారు. అడిగిన ప్రతివాళ్లకూ ఫరీన్ బడి సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఎర్ర సున్నాలు చూపించాను. మూడో మనిషికి చూపిస్తుండగా డైరెక్టరు సార్ ఫారం లాక్కుని సంతకం పెట్టాడు.

"మా స్కూలు పేరు మాత్రం చెడగొట్టొద్దు," అన్నాడు.

"ఆ పని మీరు చూసుకుంటాండారు కదా సార్," అని వచ్చేశాను.

ఆ నెలన్నర ఇంట్లో పరీక్ష గురించి ఎక్కువ మాట్లాడలేదు. బాలప్ప కూతురు స్వప్న పాత ప్రశ్నల పుస్తకం పంపింది. ఫరీన్ నాలుగు రోజుల్లో చేసేసి మళ్లీ మొదటినుంచి చేసింది. నేను అట్టలు కుడుతూ పక్కన కూర్చునేదాన్ని. కావాలనే ఒకరోజు ఒక అట్ట తిప్పి పెట్టాను, ఏమైనా అంటుందేమోనని. చూసింది. చూసినట్టు నాకు తెలిసింది. కళ్లు పుస్తకం మీదికి దించుకుంది. నేనే ఆ అట్టను సరిచేసుకున్నాను.

జనవరిలో పరీక్ష రోజు పెనుకొండ కొండ మీద మంచు ఇంకా విడలేదు. పిల్లల్ని లోపలికి పంపి గేటు మూశారు. మా ఆయన బాబయ్య దర్గాకు పోయి, పాప పేరు మీద చక్కెరకు ఫాతెహా చదివించుకుని వచ్చాడు. నేను గోడ పక్కనే కూర్చున్నాను.

ఫరీన్ అందరికంటే చివర బయటికి వచ్చింది. ఎట్లా రాశావంటే బాగానే అంది. మా ఆయన ఉడకబెట్టిన చెనక్కాయలు కొనిచ్చాడు. ముగ్గురం స్టేషను దారి పట్టాం. ఒక చెనక్కాయ వలిచింది గానీ తినలేదు, అరచేతిలోనే పెట్టుకుని నడుస్తోంది.

"అమ్మా, నలభై ఒకటోది..." అని ఆగిపోయింది.

"ఏమి నలభై ఒకటోది?"

"ఏం లేదు."

ఆగి దాని ముందు కూర్చున్నాను. "చెప్పు బిడ్డా."

"అద్దంలో బొమ్మ ఎట్ల కనపడతాదో చూపించమన్నారు. నాలుగు బొమ్మలిచ్చినారు. నాలుగూ కాదు. మూడోది కరెక్టు అనుకుని వేసినట్టుండారు, అది తిరగబడి ఉండాది."

"లోపల సార్‌కు చెప్పినావా?"

లేదని తలాడించింది.

"ఏంటికి చెప్పలేదు?"

నా కుడిచెయ్యి వైపు చూసింది.

రోడ్డు మధ్యలో సిగ్గుతో చచ్చిపోయాను. రెండు నెలలుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "ఆ పొద్దు తప్పు నాదే బిడ్డా. నీది కాదు. నువ్వు చూసిందే నిజం," అన్నాను. అని లేచి వెనక్కి తిరిగాను.

"యాడికి రోషన్‌బీ?" అన్నాడు మా ఆయన. "ఒక్క మార్కు కదా, పోతే పోనీ. ఆ సార్లకు కోపమొస్తే పాప పేపరు పక్కన పెట్టేస్తారేమో. గమ్మున పోదాం పా."

ఆ భయం నాకూ లేకపోలేదు. ఆ ఫారం మీద సంతకం కోసం నేను ఒక పూటంతా కూర్చున్నాను. ఇప్పుడు ఆ సీటే పోవచ్చు. కానీ సీటు వచ్చి, ఈ బిడ్డ ఆ బడిలో కూడా నోరు మూసుకుని చివరి బెంచీలో కూర్చుంటే, ఆ సీటు నాకెందుకు? ఫరీన్ చెయ్యి పట్టుకున్నాను. కొట్టిన చెయ్యితోనే పట్టుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ పరీక్ష అయిపోయిందన్నాడు. లోపల మెట్ల మీద ఒక సార్ పేపర్ల కట్టలకు సీలు వేయిస్తున్నాడు. ఆయనకు వినపడేట్టు గేటు బయటినుంచే, "సార్, మా పాప ఒక మాట చెప్పల్ల," అని పిలిచాను. ఆయన విసుక్కుంటూ వచ్చాడు.

"ఏమ్మా?"

నేను చెప్పలేదు. ఫరీన్‌ను ముందుకు జరిపాను. చాలా నెమ్మదిగా చెప్పింది. "సార్, నలభై ఒకటో ప్రశ్నలో నాలుగు బొమ్మలూ తప్పు."

ఆయన నవ్వాడు. "పెద్దపెద్దోళ్లు చూసి వేసిన పేపరు పాపా అది. అంతమంది రాసినారు, ఒక్కరూ అనలేదు. నీకొక్కదానికే తప్పు కనపడెనా? ఇంటికి పోండమ్మా."

మా ఆయన నా కొంగు పట్టి లాగుతున్నాడు. ఫరీన్ సార్ వైపు చూడలేదు. తలెత్తి నా మొహం చూసింది.

"మళ్లీ చెప్పు," అన్నాను.

హాల్‌టికెట్ వెనక్కి తిప్పి, గేటు ఊచకు ఆనించి, పెన్సిలుతో బొమ్మ గీయడం మొదలుపెట్టింది. గీస్తూ, ఒక్కో గీత ఎందుకు ఎటు తిరగాలో, వాచ్‌మన్ కూడా ఆగి వినేట్టు, గట్టిగా మళ్లీ చెప్పింది.